నూట పదిహేడో నంబరు పరుగు

జూన్ 2, సోమవారం. తెల్లవారినప్పటి నుంచి సన్నటి జల్లు. మందుల గది పైకప్పు కారుతున్న చోట బకెట్టు పారబోసి మళ్ళీ పెట్టాను.

నిలవ: షుగరు బిళ్ళలు 410 స్ట్రిప్పులు. బి.పి. బిళ్ళలు 265. సూదులు ఒక పెట్టె, సీలు తీయనిది. దూది ఒక చుట్ట తడిసింది. ఎండ రావాలి.

ఈరోజు కార్డులు పిలిచే రోజు. కాలనీలో షుగరు కార్డులు నూట నలభై. నూట ముప్పై తొమ్మిది మంది వచ్చి మందులు పట్టుకెళ్ళారు. నూట పదిహేడో నంబరు తమ్ముడిది. టిక్కు పెట్టి, రెండు స్ట్రిప్పులు పక్కన పెట్టాను.

తమ్ముడు పోయి ఈరోజుకి నలభై ఒక్క రోజులు.

సిస్టరమ్మ నా భుజం మీదుగా రిజిస్టరు చూసింది. ఆమె మావాళ్ళ మనిషి కాదు గానీ, ఏడేళ్ళుగా మాకు సూదులు పొడుస్తోంది. మా పద్ధతులు తెలుసు.

"ఆ బిళ్ళలు ఎవరు మింగుతున్నారు?"

"ఎవరూ మింగడం లేదు."

"మరి టిక్కు?"

"తీసి పెట్టినందుకు."

"మీ రిజిస్టరు, మీ ఇష్టం," అని వెళ్ళిపోయింది. మంచి మనిషి. ఎక్కువ మాట్లాడదు.

జూన్ 4, బుధవారం. ఎండ. దూది ఆరబెట్టాను.

సంస్థవాళ్ళు వ్యానులో దిగారు. కొండవాళ్ళకు పరుగుతో ఆరోగ్యం తెప్పించే పథకమట. పేరు 'పరుగే మందు'. నడిపేది ఒక పొడుగాటి మనిషి, సాయంత్రానికల్లా కాలనీ అంతా ఆయనకి ఊపిరి సారు అని పేరు పెట్టేసింది. ప్రతి రెండు మాటలకూ ఆగి "ఊపిరి తీసుకోండి" అంటాడు.

మీటింగు హాల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు: "ఆదివాసీ సోదరులారా, పరుగు మీ రక్తంలోనే ఉంది."

సెలూను బావ లేచాడు. "మా రక్తంలో షుగరుందని కిందటి నెలే చెప్పారు సార్. రెండూ కలిసి ఉండొచ్చాండీ?"

ఊపిరి సారు అది రాసుకున్నాడు. "ముందుగా ఊపిరి తీసుకోవడం నేర్చుకుందాం," అన్నాడు.

"అరవై ఏళ్ళ నుంచి నేర్చుకోకుండానే లాక్కొచ్చానే!" అంది మా పిన్ని. ఆవిడ దేన్నయినా నిజంగానే అడుగుతుంది. పాపం, భయపడింది కూడా.

ప్రతి కార్డుకీ ఒక చేతిపట్టీ ఇచ్చారు. ఎన్ని అడుగులు వేశామో లెక్కపెట్టి దానంతట అదే ఎక్కడికో పంపుతుంది. నూట నలభై కార్డులకు నూట నలభై పట్టీలు. సంతకాలు నా ఎదురుగానే జరిగాయి. నూట పదిహేడుకి నేను పెట్టాను.

జూన్ 5, గురువారం. మబ్బు. ఫైళ్ళ అర తుడిచాను.

సంస్థ ఫారం ఒకటి ఇచ్చింది. 'మీ సంప్రదాయ పరుగు గురించి, వంద మాటలకు మించకుండా.' నాకే ఇవ్వడానికి కారణం చేతిరాత. బడికి వెళ్ళలేదు నేను. మందుల అట్టపెట్టెల మీద అక్షరాలు చూసి నేర్చుకున్నవాణ్ణి, అందుకే నా రాత అచ్చులా ఉంటుంది. చిత్తు ఇక్కడ రాసి చూస్తున్నాను.

'మా కొండకు కంచె వేసి మమ్మల్ని కింద కాలనీకి దించి పద్నాలుగేళ్ళు. పైన ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి. దారి తొమ్మిది కిలోమీటర్లు. మేం ఒంటికి మంచిదని పరుగెత్తేవాళ్ళం కాదు. చెప్పాల్సిన మాట ఉంటే పరుగెత్తేవాళ్ళం. మనిషి పోతే ఆ ఇంటి పెద్దకొడుకు పై ఊరికి పరుగెత్తి ఆ మాట చెప్పాలి. దారిలో కూర్చోకూడదు, నీళ్ళు తాగకూడదు, నోరు విప్పకూడదు. మాట పైకి చేరేదాకా పోయినవాడు పోయినట్టు కాదు. ఇంట్లో ఏడవకూడదు. పరాయివాళ్ళకి చెప్పకూడదు. ఫోనులో చెప్తే చెప్పినట్టు కాదు.'

లెక్కపెట్టాను. వంద దాటలేదు. 'ఆ ఇంటి పెద్దకొడుకు' కొట్టేసి 'ఆ ఇంట్లో ఎవరో ఒకరు' అని దిద్దాను.

జూన్ 6, శుక్రవారం. ఎండ. ఊపిరి సారు ఫారం చదివి కళ్ళు తుడుచుకున్నాడు. "మాట్లాడకూడదు, తాగకూడదు, కూర్చోకూడదు! మౌనం, ఉపవాసం, సంకల్పం! ఎంత శాస్త్రీయం!" అన్నాడు. మధ్యాహ్నానికి బోర్డు రాయించేశాడు: 'మూడంచెల స్వస్థత'. చావు సంగతి ఉన్న నాలుగు వాక్యాలూ తీసేశారు. జనాన్ని నిరుత్సాహపరుస్తాయట.

కాలనీ చుట్టూ సున్నంతో గీత గీశారు. ఒక చుట్టు ఏడు వందల మీటర్లు. ఆ గీత మీదే అందరూ పరుగెత్తాలి.

అమ్మ గుమ్మంలో కూర్చుని సున్నం పోయడం చూసింది. "బయల్దేరిన చోటికే వస్తే, మాట ఎవరికి చెప్తార్రా?" అంది.

నన్నే అడిగినట్టుంది. పళ్ళెం కడుక్కుని లేచాను.

జూన్ 9, సోమవారం. కార్డులు పిలిచాను. టిక్కు.

నూట పదిహేడో పట్టీకి ఎర్ర దీపం వెలిగింది. వాడని పట్టీకి కారణం రాసి మూడు ప్రతులు పంపాలట. కారణాలు వాళ్ళే ఇచ్చారు: ప్రయాణంలో ఉన్నారు, ఆసక్తి లేదు, చార్జింగు లేదు, ఇతరం. ఇతరం అయితే వివరించాలి.

నా పట్టీకి కూడా ఎర్ర దీపమే. దానికి 'ఆసక్తి లేదు' అని రాసి సొరుగులో పడేశాను. తమ్ముడిది చేతికి కట్టుకుని నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి వచ్చాను. ట్యాంకు సరిగా మూశారో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా. దీపం ఆకుపచ్చగా మారింది.

జూన్ 10, మంగళవారం. ట్యాంకు చూసి వచ్చాను. మూసే ఉంది.

జూన్ 11, బుధవారం. ట్యాంకు చూసి వచ్చాను. చిత్తడి తక్కువని దూరం దారిలో వెళ్ళాను. వాన వచ్చేలా ఉంటే కొంచెం పరుగెత్తాల్సి వచ్చింది. వాన రాలేదు.

జూన్ 13, శుక్రవారం. పంపు ఆపరేటరు ఆపి అడిగాడు. "ఏంటన్నా, రోజూ వచ్చి చూస్తున్నావు? ట్యాంకెవడన్నా ఎత్తుకుపోతాడనా?"

"చూస్తే తప్పేముంది?"

"తప్పేం లేదు. చూడ్డానికి అంత ఆయాసం దేనికని."

జూన్ 17, మంగళవారం. వాన. బకెట్టు రెండుసార్లు పారబోశాను.

సంస్థ మొదటి పట్టిక గోడకంటించింది. మొదటి స్థానం సెలూను బావ, రోజుకి ఇరవై రెండు వేల అడుగులు. రెండో స్థానం నూట పదిహేడు.

ఊపిరి సారు కెమెరాతో సహా సెలూనుకి వెళ్ళాడు. బావ ఒకాయనకి జుట్టు కత్తిరిస్తున్నాడు.

"మీ విజయ రహస్యం ఏమిటి?"

"ఆదివారాలు రద్దీ ఎక్కువండీ," అన్నాడు బావ, కత్తెర ఆపకుండా.

పట్టీ కత్తెర పట్టిన చేతికే ఉంది. ఊపిరి సారు దాన్ని చాలాసేపు చూశాడు. ఒక కత్తిరింపుకి ఒక అడుగు. బావ పేరు కొట్టేశారు. గడ్డం గీసిన అడుగులైనా వదిలేయమని బతిమాలాడట, ఒప్పుకోలేదు.

ఇప్పుడు మొదటి స్థానం నూట పదిహేడుది.

జూన్ 20, శుక్రవారం. మబ్బు. ట్యాంకు దాటి ఫారెస్టు గేటు దాకా వెళ్ళాను. కంచె తుప్పు పట్టిందేమో చూద్దామని.

గేటు గార్డు అమ్మ వైపు చుట్టం. నాకు అన్న వరస. కుర్చీలోంచి లేవకుండానే పలకరించాడు. "ఎన్నాళ్ళకి! పైకేనా?"

"చీటీ లేదు."

"చీటీ ఎవడడిగాడ్రా? పొద్దున ఎనిమిదిదాకా నాకు కళ్ళు సరిగా కనబడవని అందరికీ తెలుసు."

"కాలు బాగాలేదు. అరికాలు మొద్దుబారింది, రెండేళ్ళయింది."

"ఏ కాలు?"

ఎడమది. చెప్పాను. నేను పరుగెత్తి వచ్చిన దారివైపు చూశాడు, నా కాళ్ళవైపు చూశాడు. గేటు చీటీ మీద నడుస్తుంది. నిబంధన నిబంధనే.

జూన్ 24, మంగళవారం. ఎండ. సిస్టరమ్మ నాకు షుగరు చూసింది. ఏప్రిల్లో 291. ఈరోజు 178. మిషను పాడయిందని చెప్పాను. తన వేలు పొడుచుకుని చూసుకుంది. ఆమెది 94. మిషను బాగానే ఉందంది. ఒక్కోసారి ఒక్కో మనిషికి తప్పు చూపిస్తుందేమో.

ఇంకొకటి రాసి పెట్టాలి. రెండు నెలలుగా రాయలేదు.

తమ్ముడు బస్సు షెల్టరులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఇంటికి తెచ్చాక వాడి పరుపు ఎత్తితే కింద మందులు. స్ట్రిప్పులు లెక్కపెట్టాను, యాభై రెండు. ఆరు నెలలవి. ఒక్క స్ట్రిప్పూ చింపలేదు. ఆరు నెలలూ రిజిస్టరులో 'వాడుతున్నాడు' అని రాసింది నేనే. సోమవారం సోమవారం వాడు వచ్చి చెయ్యి చాచేవాడు, నేను పెట్టేవాణ్ణి, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు.

ఒకసారి మాత్రం అడిగాడు. "అన్నా, నేను పైకి పోతానే. అత్త దగ్గరుంటా. అక్కడైతే తాగబుద్ధి కాదు నాకు." నేనేమన్నానంటే, "ముందు ఈ కోర్సు పూర్తిచెయ్యి."

యాభై రెండూ కడిగినట్టు తుడిచి మళ్ళీ నిలవలో కలిపాను. లెక్క సరిపోయింది.

జూన్ 27, శుక్రవారం. సంస్థ తరఫున ఒకమ్మాయి వచ్చింది. గెలిచినవాళ్ళ కథలు రాస్తుందట. నూట పదిహేడు గురించి కాలనీలో ఇంటింటికీ తిరిగింది. ఎవరినడిగినా ఒకటే జవాబు, "వాళ్ళన్ననడగండి." పై ఊరికి చెప్పనిదే పరాయి మనిషికి చెప్పరు. నా పని వాళ్ళెవరూ చెయ్యరు, నా తప్పు వాళ్ళెవరూ బయటపెట్టరు. అంత మర్యాదస్థులు. అందరూ తిట్టినా బాగుండేది.

చివరికి మందుల గదికి వచ్చింది.

"మీ తమ్ముడు తాగుడు మానేశారా అండీ?"

"మానేశాడు."

"పూర్తిగా?"

"పూర్తిగా."

"ఎప్పటి నుంచి?"

"ఏప్రిల్ ఇరవై రెండు."

"ఆయనలో మీరు గమనించిన పెద్ద మార్పు?"

"మాట తగ్గింది."

"ఇప్పుడు ప్రశాంతంగా ఉంటున్నారా?"

"అలాగే అనుకుంటున్నాను."

కళ్ళు మెరిశాయి ఆ అమ్మాయికి. అన్నీ రాసుకుని, చేతులు జోడించి వెళ్ళింది. ఒక్క అబద్ధమూ చెప్పలేదు. సాయంత్రం ట్యాంకు మాత్రం రెండుసార్లు చూసి వచ్చాను.

జూన్ 28, శనివారం. ట్యాంకు, గేటు. గేటు దగ్గర ఆగలేదు, అక్కడిదాకా వెళ్ళి వెంటనే తిరిగాను. ఎందుకు వెళ్ళానో రాయడానికి కారణం దొరకలేదు.

జూలై 1, మంగళవారం. వాన వెలిసింది. మొదటి తేదీ నిలవ సరిచూశాను.

కాలనీ మొదట్లో, బస్సు షెల్టరు గోడ మీద పెద్ద బోర్డు కట్టారు. కార్డు మీది తమ్ముడి ఫొటోని మనిషంత చేశారు. జుట్టు దువ్వుకోకుండా దిగిన ఫొటో అది. కింద రాశారు: 'పరుగు నన్ను బతికించింది.'

ఏ బెంచీ మీద పోయాడో ఆ బెంచీకి సరిగ్గా పైన.

అమ్మని అటువైపు రానివ్వకూడదనుకున్నాను. పొద్దున్నే వెళ్ళి చూసేసిందట. ఇంటికొచ్చి చెంబు నీళ్ళు తాగింది.

"వాడి మొహం బస్సెక్కేవాళ్ళందరికీ చూపించారు. చూడాల్సినవాళ్ళకి మాత్రం ఇంకా తెలీదు."

"పని ఎక్కువగా ఉందమ్మా."

"ఉంటుందిలే. నువ్వు పనిమంతుడివి." కోపంగా అనలేదు. మామూలుగా అంది. "నాకు ఏడవాలనుంది పెద్దోడా. డెబ్బై రోజులు ఆపాను. నాకూ వయసైపోతోంది."

జూలై 2. రేపు వెళ్తాను.

జూలై 3. వాన.

జూలై 4. వాన లేదు. ఆదివారం సభకి కుర్చీల లెక్క నాకప్పజెప్పారు. రెండు వందల యాభై. పది విరిగినవి.

జూలై 5. కుర్చీలు వేయించాను.

జూలై 7, సోమవారం. సాయంత్రం. ఎండ. కార్డులు పిలవలేదు, సిస్టరమ్మ పిలిచింది. నేను మధ్యాహ్నం కిందికి దిగాను.

నిన్నటిది రాస్తాను.

సభకి సంస్థ పెద్దాయన కారులో వచ్చాడు. పైనుంచి కొండ అందం చూడాలన్నాడని ఫారెస్టు గేటు పొద్దున్నుంచీ బార్లా తెరిచి పెట్టారు. అందరికీ పసుపు టీషర్టులు. పిన్ని చీర మీద తొడుక్కుంది.

ఊపిరి సారు మైకులో నూట పదిహేడో నంబరు కథ చదివాడు. తాగుడు మానడం, ప్రశాంతత, అన్నీ చదివాడు. తర్వాత వేదిక మీదికి రమ్మన్నాడు. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాడు. మూడోసారి "సిగ్గుపడుతున్నారు, చప్పట్లు కొట్టండి," అన్నాడు. కొట్టింది సంస్థవాళ్ళే.

నేను లేచాను. పట్టీ నా చేతికే ఉంది కాబట్టి.

పెద్దాయన చెక్క జ్ఞాపిక ఒకటి నా చేతిలో పెట్టాడు. "మీ తమ్ముడి తరఫునా? వారెక్కడ? ఆయన నోటితో రెండు మాటలు విందామని వచ్చాను."

మైకు నా ముందుకి జరిపారు. మొదటి వరసలో అమ్మ ఉంది. నా మొహం చూడలేదు. నా పాదాలే చూస్తోంది.

అక్కడ అబద్ధం చెప్పలేను. నిజమూ చెప్పలేను, పైన ఇంకా చెప్పలేదు. పద్నాలుగేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను, ఏ గడిలోనూ రాయలేని సంగతి నాకదే మొదటిది.

"తొమ్మిది కిలోమీటర్లు ఆగండి సార్, చెప్తాను," అన్నాను.

మెట్లు దిగి పరుగందుకున్నాను.

వెనక మైకులో ఊపిరి సారు గొంతు. "చూశారా! రక్తంలోనే ఉంది! అందరూ ఆయన వెంట రండి! ఊపిరి తీసుకోండి!" పసుపు టీషర్టులన్నీ లేచాయి. సున్నపు గీత దగ్గర ఎడమకి తిరగాలి. నేను తిరగలేదు. కొందరు తిరిగారు, కొందరు నా వెంట వచ్చారు, పిన్ని రెండింటి మధ్యా ఆగి పెద్దగా ఎవరినో దారి అడిగింది. గేటు దగ్గర గార్డన్న లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. పెద్దాయన కారు ఉందేమో వెనక అనుకున్నాను. లేదు.

మొదటి ఎత్తు దగ్గరికి టీషర్టులు అయిపోయాయి. రెండో మలుపు దాకా సెలూను బావ ఒక్కడే వచ్చాడు. బండ మీద కూలబడి, "నువ్వెళ్ళు బావా. నేను కూర్చుంటా. నేను మోసేదేం లేదుగా," అన్నాడు. నేను మాట్లాడకూడదు. తలూపాను.

ఆ తర్వాత ఎవరూ లేరు. సంతకి దిగేవాళ్ళ సన్నటి జాడ తప్ప దారంతా పద్నాలుగేళ్ళ గడ్డితో మూసుకుపోయింది. అయినా కాళ్ళకి తెలుస్తూనే ఉంది. ఆరో కిలోమీటరు దగ్గరనుకుంటాను, ఎడమ అరికాలికి రాయి గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు తెలిసింది.

వాగు దాటుతుంటే నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి. తాగలేదు.

అత్త ఇంటి ముందు చేట పట్టుకుని కూర్చుంది. మా నాన్న చెల్లెలు. నన్ను చూసి చేట కింద పెట్టింది.

"ఆ చెక్కేంట్రా చేతిలో?"

అప్పుడు చూసుకున్నాను. జ్ఞాపిక పట్టుకునే తొమ్మిది కిలోమీటర్లూ వచ్చాను.

నిలబడే చెప్పాలి. నిలబడే చెప్పాను. "తమ్ముడు పోయాడత్తా."

నమ్మలేదు. నవ్వింది కూడా. "పోరా! మొన్న సంతకెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. వాడి ఫొటో ఇంతది కట్టారట గోడకి. తాగుడు మానేశాడటగా? వస్తాడని వాడికి పక్కింటి చూరు కూడా బాగుచేయించా."

ఆ చూరు చూశాను. కొత్త గడ్డి.

"పోయాడత్తా," అన్నాను మళ్ళీ.

ఆవిడ మొహం మారింది. "ఎప్పుడు?"

"ఏప్రిల్ ఇరవై రెండు."

వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది. మా ఇంట్లో అందరం లెక్కపెట్టేవాళ్ళమే. ఒక చెయ్యి, రెండు చేతులు, మళ్ళీ మొదటికి.

"డెబ్బై అయిదు రోజులా? తొమ్మిది కిలోమీటర్లకి? మీ తాత కుంటికాలేసుకుని పొయ్యి మీద ఎసరు మరిగేలోగా వచ్చేవాడు కదరా!"

అని, ఒక్కసారిగా గొంతెత్తింది. పదకొండు ఇళ్ళ తలుపులూ తెరుచుకున్నాయి.

నేను ఏం చేశానో రాయను.

ఈరోజు దిగి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"చెప్పావా?"

"చెప్పాను."

అమ్మ లోపలికి వెళ్ళింది. కొంతసేపటికి వినిపించింది. పక్కింటివాళ్ళు వచ్చారు, ఎదురింటివాళ్ళు వచ్చారు. డెబ్బై ఆరు రోజులుగా మా ఇంట్లో ఎవరూ ఇంత గట్టిగా మాట్లాడలేదు.

జూలై 8, మంగళవారం. తెల్లటి ఎండ. మందుల గది కిటికీ తీసి ఊడ్చాను.

ఊపిరి సారు ఎనిమిదింటికే వచ్చాడు. మొహంలో రక్తం లేదు. సిస్టరమ్మ చెప్పిందట.

"ఇంత ముఖ్యమైన విషయం మీరు ముందే తెలియజేయాల్సింది కదండీ."

"ఫారంలో రాశాను సార్. మనిషి పోతే ఏం చేస్తామో. మీరు తీసేశారు."

ఊపిరి తీసుకున్నాడు. నాకు ఎవరినీ బాధపెట్టడం ఇష్టం ఉండదు. కుర్చీ వేశాను. కాసేపు కూర్చుని, ఉన్నట్టుండి తలెత్తాడు.

"వచ్చే ఏడాది ఆయన పేరున స్మారక పరుగు పెడితే?"

బోర్డు దించమన్నాను. బోర్డుకి పై ఆఫీసు అనుమతి కావాలన్నాడు. నిచ్చెన మన స్టోరులోనే ఉందని చెప్పాను. సెలూను బావ మధ్యాహ్నంలోగా దించేశాడు. ఫొటో కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి అమ్మకిచ్చాడు. రాత వాళ్ళకిచ్చేశాడు.

కార్డు నంబరు నూట పదిహేడు. గీత కొట్టాను. తేదీ వేశాను, అసలు తేదీ. పది టిక్కులకి ఎదురుగా 'ఇవ్వలేదు' అని దిద్దాను. అంతకుముందు ఆరు నెలలకి 'ఇచ్చాను, వాడలేదు, నాకు తెలుసు' అని రాశాను. గడి చిన్నది, అక్షరాలు పక్క గడిలోకి పోయాయి.

ఇక నిలవ. షుగరు బిళ్ళలు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను, 388. బి.పి.వి 240. సూదులు

అమ్మ వచ్చింది. ఈ గదికి ఆవిడ రావడం ఇదే మొదలు. చేతికర్ర, మూట.

"మీ అత్త అక్కడ ఒక్కతే ఏడుస్తుంటుంది. నేను పోతున్నా."

"తొమ్మిది కిలోమీటర్లమ్మా. వాగుంది."

"పరుగెత్తుతానన్నానా? నడుస్తా. మధ్యలో కూర్చుంటా, నీళ్ళు తాగుతా, ఎవరైనా కనబడితే మాట్లాడతా. నాకేం పట్టింపుల్లేవు. నువ్వు రాసుకుని నెమ్మదిగా రా."

కిటికీలోంచి కనబడుతోంది. గేటు వైపు తిరిగింది. పర్వాలేదు, బాగానే నడుస్తోంది. ఇది పూర్తిచేసి బయల్దేరితే ట్యాంకు దాటేలోగా అందుకోవచ్చు.

సూదులు ఒక పెట్టె, సీలు తీసినది. దూది పదకొండు చుట్టలు. గాజుగుడ్డ